టీచరుగారూ, ఒక చిన్న సందేహం

అక్టోబరు 4

ఇవాళ డాక్టర్ అదాచీ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, కంప్యూటరు తెర మావైపు తిప్పి, బొమ్మలు చూపిస్తూ విడమరిచి చెప్పాడు. బొమ్మలు చూశానన్నాను. వసంతంలో ఇచ్చిన రేడియేషన్‌తో పోయిందనుకున్నది పోలేదు, తిరిగొచ్చింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యడం ఒక్కటే దారి. తీసేస్తే ఈయన బతుకుతాడు, మాట పోతుంది. తియ్యకపోతే మాట ఉంటుంది, మనిషి ఎన్నాళ్ళుంటాడో తను చెప్పలేనన్నాడు.

తర్వాత, మీ నిర్ణయం ఏమిటి నగామి గారూ అని అడిగాడు. ఈయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మా ఆవిడ ఎలా అంటే అలా అన్నాడు. డాక్టరు నావైపు తిరిగాడు. గొంతు ఆయనది, ఆయన ఎలా అంటే అలా అన్నాను నేను. మర్యాదలో ఒకరికొకరం తీసిపోం. ఆ కుర్రడాక్టరు కాసేపు మమ్మల్ని మార్చి మార్చి చూసి, నవంబరు మధ్యకల్లా చెప్పమన్నాడు. ఆ తర్వాత ఆలస్యం అవుతుందట.

బస్సులో ఈయన పెదవి విప్పలేదు. అందులో వింతేమీ లేదు. రిటైరయ్యేదాకా రైల్లో కండక్టరుగా ప్రయాణికులకి వినబడేలా ప్రతి స్టేషన్నీ పేరు పెట్టి పిలిచిన మనిషి, ఇంట్లో మాత్రం ‘భోజనం’, ‘స్నానం’, ‘పడక’ అనే మూడు మాటలతో సంసారం లాగించేశాడు. ఆ మూడు మాటల కోసం అంత ఆలోచన ఏమిటో నాకు అర్థం కాదు.

అక్టోబరు 6

ఊరి ఎఫ్.ఎం. స్టేషను నడిపే కగేయామా వచ్చి ఈ వారం శ్రోతల కార్డులు ఇచ్చి పోయాడు. ఈయన జబ్బు సంగతి అతనికి ఇంకా తెలియదు. గొంతు బొంగురు పోయిందేమిటి, చలికాలం రాకముందే జలుబా అన్నాడు. జలుబే అన్నాను.

బాలికల హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ క్లాసులో చెయ్యెత్తి సందేహం అడిగిన పిల్ల ఒక్కతీ లేదు. అర్థమైందా అంటే తలలన్నీ ఊగేవి. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు తెలిసేది ఏం అర్థమైందో. ఈ మత్సుయే ఊరే అంత. అడగడమంటే పదిమంది ముందు పంచె జారినంత సిగ్గు. అందుకే తన స్టేషన్లో ఇంగ్లీషు పాఠాల కార్యక్రమానికి కగేయామా ఈయన్ని పట్టుకున్నాడు. శ్రోతలు కార్డుల మీద రాసి పంపిన సందేహాల్ని ఈయన మైకు ముందు ‘వెనకబెంచీ విద్యార్థి’గా చదవాలి, టీచరుగా నేను చెప్పాలి. ఊరంతటి బదులు సిగ్గుపడేవాడు ఒకడు దొరికాడు.

ఇంట్లో నన్ను ‘ఓయ్’ అనే మనిషి మైకు ముందు వీపు నిటారుగా పెట్టి, “టీచరుగారూ, ఒక చిన్న సందేహం” అంటాడు. నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచి, నువ్వు అంటాను. శ్రోతలకి అదే వినోదం. ప్రతి సోమవారం పొద్దున ఫలహారం కాగానే వంటింటి బల్ల దగ్గర అదంతా ఒకసారి చదువుకుని చూసుకుంటాం. చెప్పాలంటే, మా ఇద్దరి మధ్య అసలు సంభాషణ అన్నది సోమవారం పొద్దునే.

ఈ వారం కార్డుల్లో ఒకటి వేడినీటి బుగ్గల దగ్గర సత్రం నడిపే ఆవిడది. విదేశీ అతిథులతో, మీరు లేనప్పుడు నాకేమీ తోచదు అని చెప్పబోయి, ‘బోర్డ్’ అనడానికి బదులు ‘ఐ యామ్ బోరింగ్’ అందట. వాళ్ళు, కాదు కాదు మీరు చాలా మంచివారు అని ఓదార్చారట. ఎందుకు ఓదార్చారు అని ఆవిడ సందేహం. ఈయన ఆ కార్డు చదువుతూ రెండుసార్లు ఆగి దగ్గాడు. నవ్వనుకున్నాను.

అక్టోబరు 9

సోయా సాసు సీసాకి ఒక రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. వెనిగరు సీసాకి రెండు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. వయసు మీద పడుతోంది ఆయనకి.

అక్టోబరు 12

వాన. లావుపాటి కలం కొన్నాను. ఈ మధ్య సన్నకలాలు మరీ నాసిగా వస్తున్నాయి, గీత కనిపించదు. అట్టముక్కలో సందు కోసి, ఆ సందులో రాస్తున్నాను. ఇలా అయితే ఒక వరస మీద ఇంకో వరస ఎక్కదు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన రోజు ఇది. వెళ్ళలేదు. కుడికన్ను ఎలాగూ ఎప్పుడో చెప్పకుండానే పోయింది. ఎడమకంటి నడిమధ్యన బూడిదరంగు మచ్చ ఒకటుంది. దేన్ని చూస్తే దాని మీద పోయి కూర్చుంటుంది. మనిషి ముఖం చూడబోతే చెవులు మిగులుతాయి. అంచులతో చూసుకుంటూ నెట్టుకొస్తున్నాను. ఈయనకి తెలియదు. కార్డులు ఆయన చదవడం కార్యక్రమం పద్ధతి కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన గొంతు గొడవలో ఉన్నప్పుడు నా కన్ను సంగతి ఎత్తడం బాగుండదు.

అక్టోబరు 16

హిరోషిమా నుంచి చిజురు ఫోను. కన్నకూతురు కనక అరిచే హక్కుందనుకుంటుంది. నువ్వు ఒక్క మాట అంటే నాన్న ఆపరేషనుకి ఒప్పుకుంటారమ్మా అంది. ఒప్పుకుంటాడు, అదే కదా భయం అన్నాను. భయమేమిటి అంది. రేపు పొద్దున ఆయన నోరు తెరిచి శబ్దం రాక నావైపు చూస్తే, ఆ మాట అన్నది నేను అవుతాను అన్నాను.

“అయితే అనకుండా ఉండి, ఆయన పోయాక ఏమవుతావమ్మా?” అంది.

కూర మాడుతోందని ఫోను పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నేనేమీ నా కోసం ఆలోచించడం లేదు. అది మాత్రం స్పష్టంగా రాసి పెట్టుకోవాలి.

అక్టోబరు 18

ఈ వారం ‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ సందేహం. ఏడాదికోసారి ఎవరో ఒకరు అడుగుతారు. బ్యాంకులో పని చేసే అమ్మాయి కార్డు. కళ్ళు తెరిస్తే వద్దన్నా కనబడేది సీ. కావాలని తిరిగి చూసేది లుక్. కదిలేదాన్ని కనిపెట్టుకుని కూర్చునేది వాచ్ అని చెప్పాను. ఈయన బుద్ధిగా తల ఊపి, “మరి టీచరుగారూ, కనబడనివాళ్ళు చూడలేరా?” అన్నాడు.

ఆ ప్రశ్న కార్డులో ఉందా అన్నాను. ఉందన్నాడు. ఆ అమ్మాయికి బ్యాంకులో పని తక్కువలా ఉంది. చూడగలరు, మనసు పెడితే, అని చెప్పి తర్వాతి కార్డుకి వెళ్ళమన్నాను.

గొంతు బాగా అరిగిపోయింది. వాక్యం చివర గాలే వస్తోంది. మైకు దగ్గరగా పెడితే వినిపిస్తుందిలే అన్నాను.

అక్టోబరు 27

మాట్లాడే గడియారం కొనుక్కొచ్చాడు. నెత్తి మీద తడితే ఆడపిల్ల గొంతుతో టైము చెబుతుంది. గోడ మీద అంత పెద్ద గడియారం ఉండగా ఇదెందుకండీ అంటే, నాకు అన్నాడు. తీసుకెళ్ళి నా పక్క దగ్గర పెట్టాడు.

ఈ మధ్య ఇల్లంతా సర్దుతున్నాడు. కత్తెరకి ఒక మేకు, టార్చికి ఒక మేకు, మందులకి మూతలు తేడాగా ఉన్న డబ్బాలు. స్నానాలగదిలో అంచు దగ్గర పసుపుపచ్చ టేపు అంటించాడు. పోయేముందు ఇల్లు చక్కబెట్టుకునే మనిషిలా ఉన్నాడు. ఆ ఆలోచన రాగానే సరస్సు గుల్లలు కడగడానికి లేచాను. సోయాముద్ద కలిపి కాచే మీసో సూపులోకి ఎంత కడిగినా ఇసుక మిగిలే ఉంటుంది.

నవంబరు 5

మళ్ళీ డాక్టరు. మళ్ళీ మా ఆవిడ ఎలా అంటే అలా. మళ్ళీ ఆయన ఎలా అంటే అలా. ఈసారి అదాచీ కలం బల్ల మీద పెట్టేసి, మీరిద్దరూ తలుపు దగ్గర మీరు ముందంటే మీరు ముందని నిలబడిపోయారు, ఈలోగా రోగం లోపలికి దూరిపోతోంది అన్నాడు. కుర్రవాడికి నోరుంది. నా స్టూడెంటు అయి ఉంటే ఇష్టపడేదాన్ని.

ఈ నెల ఇరవైన ఆపరేషను గది ఖాళీ ఉందట. సోమవారం సాయంత్రంలోపు చెప్పకపోతే వేరే ఎవరికో ఇచ్చేస్తారు.

నవంబరు 8, సోమవారం

ఫలహారం అయింది. బల్ల తుడిచాను. కార్డులు తెచ్చుకుని కూర్చున్నాడు. మొదటిది ‘బై’కీ ‘అంటిల్’కీ తేడా ఏమిటని. ఓడరేవులో పని చేసే ఒకతను, అయిదింటికల్లా రండి అని చెప్పబోయి, అయిదింటిదాకా రండి అన్నాడట. వచ్చిన ఇంజనీరు కదలకుండా అయిదింటిదాకా కూర్చున్నాడట. ఈయన చదువుతూ సగంలో దగ్గాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ దగ్గాడు. మూడోసారి మాట బదులు ఈల లాంటిది వచ్చింది.

ఇక తట్టుకోలేకపోయాను. భార్యగా అడగడానికి నాకు నోరు రాదు. మా అమ్మ మా నాన్నని ఏదీ అడగలేదు, నేనూ అడగలేదు. మనసులో ఏముందో ఊహించుకుని సర్దుకుపోవడం మాకు పుట్టుకతో వచ్చిందే. కానీ సోమవారం పొద్దున నేను భార్యని కాను.

“తమోత్సూ, కార్డులు పక్కన పెట్టు. ఇవాళ అడిగేది నేను” అన్నాను.

వీపు నిటారుగా పెట్టాడు. కుర్చీ చప్పుడయింది, అందుకని తెలుసు.

“ఆపరేషను ఎందుకు వద్దంటున్నావు? పూర్తి వాక్యంలో చెప్పు.”

“వద్దనలేదండీ, టీచరుగారూ.”

“కావాలని కూడా అనలేదు. కారణం?”

నీళ్ళు మరిగి కెటిల్ దానంతటదే ఆగిపోయింది.

“మా ఇంటావిడకి కళ్ళు కనబడవండీ” అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది అనుకుంటున్నాను.

ఎవరూ చెప్పలేదన్నాడు. కిందటేడు మీసో సూపులో ఆవిడ వెనిగరు పోసిందట. బాగుందని తాగేశాడట. దాచుకుంటోందంటే దాచుకోవాలని ఉన్నట్టే కదా, అందుకని అడగలేదట. తర్వాత ఒకరోజు చిజురు ఫొటో తలకిందులుగా పట్టుకుని ఎంత చక్కగా పడిందో అని మురిసిపోయిందట. అప్పుడు రబ్బరుబ్యాండ్లు కొన్నాడట. ‘సీ’, ‘లుక్’ కార్డులో ఆ చివరి ప్రశ్న లేదట, క్షమించమన్నాడు.

“గొంతు తీసేస్తే నేను రాసి చూపించాలండీ. ఆవిడకి కనబడదు. పోనీ ఊరుకుంటే, గదిలో నేనున్నానో కుర్చీ ఉందో ఆవిడకి తెలియదు. కార్డులు ఎవరు చదువుతారు? ఉన్నన్నాళ్ళు చదువుదామని.”

ఆ మూడు మాటల మనిషి అంత పొడుగు జవాబు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. తప్పులు వెతుకుదామని చూశాను. అలవాటు.

“ఉన్నన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళు?” అన్నాను.

తెలియదన్నాడు.

“తెలియని లెక్క మీద ఇంత పెద్ద పని పెట్టుకుంటారా? నువ్వు ఆవిడని అడిగావా?”

“ఆవిడ ఏమంటుందో ఊహించుకున్నానండీ.”

“ఊహించుకోవడం కాదు. అడిగావా?”

“లేదండీ.”

“అయితే ఇప్పుడు అడుగు.”

గొంతు సవరించుకున్నాడు. సవరించుకోవడానికి అక్కడ ఇంకేం మిగలలేదు, అయినా పద్ధతి పద్ధతే. “టీచరుగారూ, ఒక చిన్న సందేహం” అన్నాడు. “మా ఆవిడకి ఏం కావాలండీ?”

జవాబు నా దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది. “మనిషి కావాలి” అన్నాను. “గొంతు ఉంటే మంచిదే. లేకపోయినా మనిషి కావాలి. కుర్చీకీ నీకూ తేడా ఆవిడ తెలుసుకుంటుంది, నువ్వు కుర్చీ కన్నా ఎక్కువ కీచుమంటావు.”

“రాసుకోవచ్చా?” అన్నాడు.

“రాసుకో.”

నిజంగానే రాసుకున్నాడు. పెన్సిలు చప్పుడు వినిపించింది.

పదకొండింటికి ఆసుపత్రికి తనే ఫోను చేశాడు. రైల్లో పిలిచే గొంతుతో, నగామి తమోత్సు మాట్లాడుతున్నాను, ఇరవైన వస్తాము అన్నాడు. ఆ ‘ము’ నేను విన్నాను.

నవంబరు 9

మామూలైపోయింది. ‘భోజనం’ అన్నాడు. పెట్టానండీ అన్నాను. వెనిగరు పొయ్యలేదు, రెండు రబ్బరుబ్యాండ్లు తడిమి చూసుకున్నాను.

నవంబరు 12

కంటి డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. చాలా ఆలస్యంగా వచ్చారన్నాడు. తెలుసన్నాను. ఎడమకంట్లో మిగిలినదాన్ని కాపాడటానికి సూదిమందు ఇచ్చాడు. కంట్లో సూది అనే మాటకే గంతేసే దాన్ని, పక్కన ఈయన నా సంచీ పట్టుకుని బెంచీ మీద కీచుమంటూ కూర్చున్నాడు కనక ఊరుకున్నాను.

పెద్ద బాధేమీ లేదు. కొంచెం అబద్ధం.

నవంబరు 15

స్టూడియోలో చివరి రికార్డింగు. కగేయామాకి నిన్న చెప్పాం. శ్రోతలకి వీడ్కోలు చెప్పమని బతిమాలాడు. వెనకబెంచీ విద్యార్థికి వీడ్కోలు ఉపన్యాసాలు రావని ఈయన ఒప్పుకోలేదు. ఎప్పటిలాగే కార్డులు చదివాడు. ‘లెండ్’, ‘బారో’, తెలిసిన గొడవే. ఇచ్చేవాడు ఎవరు, పుచ్చుకునేవాడు ఎవరు అని తేల్చుకోండి అన్నాను, ఎప్పటిలాగే.

చివర కొంచెం టైము మిగిలింది. కగేయామా అద్దం అవతలినుంచి చేతులు ఊపాడట, ఏదైనా చెప్పమని. ఈయన గొంతు సవరించుకుని, తను తిరిగిన లైనులో స్టేషన్లన్నీ వరసగా పిలిచాడు. సరస్సు ఒడ్డు స్టేషన్లు, పొలాల మధ్య స్టేషన్లు, ఎవరూ దిగని చిన్న స్టేషను. పెళ్ళికి ముందు నేను బడికి వెళ్ళడానికి రోజూ దిగే స్టేషను దగ్గర కొంచెం ఆగాడు. తలుపులు తెరుచుకునేంతసేపు. తర్వాత సాగాడు.

కగేయామా ముక్కు చీదుకున్న చప్పుడు టేపులో పడింది. తీసెయ్యమన్నాను. తీస్తానన్నాడు, తియ్యడని తెలుసు.

నవంబరు 20

తీసేశారు. బతికాడు.

నవంబరు 21

నిన్నటిది చిన్నగా ఉంది. అంతకన్నా ఏం రాయాలో తోచలేదు.

నవంబరు 23

ఇవాళ మామూలు వార్డులోకి మార్చారు. మెడకింద గాలి పీల్చుకునే చిల్లు, చుట్టూ గుడ్డ. ఊపిరి అక్కడినుంచి వస్తుంది, కొత్త చోటునుంచి ఎవరో ఈలవేస్తున్నట్టు. ఆ చప్పుడు బట్టి తల ఎటువైపుందో తెలుసుకున్నాను.

నర్సు ఒక తెల్లబోర్డూ కలమూ ఇచ్చింది. ఏదో రాసి పైకి పట్టుకున్నాడు. కలం గీకుడు వినిపించింది, బోర్డు తెల్లగా కనిపించింది, అంతే. సరేనండీ అన్నాను. ఇంకోటి రాశాడు. అలాగేనండీ అన్నాను. మూడోదానికి, చిజురుతో చెబుతాను అన్నాను. పక్కమంచం ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు. తర్వాత అతనే చెప్పాడు: మొదటిసారి ‘దిండు’, రెండోసారి ‘దిండు’, మూడోసారి ‘దిండు సరిచెయ్యి’.

కళ్ళ సంగతి బయటపడ్డాక కూడా చదువుతున్నట్టు నటించాను. ఎందుకో. ఇన్నాళ్ళ అలవాటు ఒక్కరోజులో పోదు.

బోర్డు కింద పడిన చప్పుడయింది. ఎత్తబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి తిప్పి, అరచెయ్యి పైకి పెట్టించి, వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు. ఆ తర్వాత చూపుడువేలితో అరచేతిలో గీశాడు. పెద్దగా, నెమ్మదిగా, ఒకటో క్లాసు పిల్లలకి పలకమీద రాసినట్టు. ఒక అక్షరం. తుడిచినట్టు రుద్దాడు. ఇంకో అక్షరం.

గొంతు పోయాక మా ఆయన నాతో అన్న మొదటి మాట ఏదో గొప్పదై ఉంటుందని గుండె దడదడలాడిన మాట నిజం.

‘గ్యాసు కట్టేశావా?’

“కట్టేశానండీ” అన్నాను. వార్డంతా వినిపించేలా అన్నానట.

నవంబరు 26

కగేయామా ఆసుపత్రికే కార్డులు తెచ్చాడు. చదవడానికి వేరే మనిషిని చూస్తానని వినయంగా అన్నాడు. ఈయన కార్డు లాక్కున్నాడు. నా అరచెయ్యి లాక్కున్నాడు.

ఒక్క కార్డుకి మధ్యాహ్నమంతా పట్టింది. చందమామ ఒక్కడే కదా, ఇంగ్లీషులో ‘మూన్’ ముందు మళ్ళీ ‘ద’ ఎందుకని ఎవరో పెద్దాయన సందేహం. ఒక్కడే కనకే, నువ్వే అని తెలిసేలా పిలవాలి కనకే అని జవాబు చెప్పాను, కగేయామా రాసుకున్నాడు. ఈ లెక్కన వారానికి ఒక్క సందేహమే తీర్చగలం అన్నాను. ఊరివాళ్ళు ఓపిక నేర్చుకుంటారు అన్నాడు కగేయామా.

ఈయన దస్తూరీ ఘోరం. గీతలు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా మరిచిపోయాడు. ప్రతి తప్పుకీ అరచెయ్యి మూసేస్తున్నాను. మూసినప్పుడల్లా వేలితో మెల్లిగా తట్టి తెరిపిస్తున్నాడు.

నవంబరు 30

బయట మంచు పడబోతోందని నర్సు చెప్పింది. చేతితొడుగులు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. సంచీ పెట్టి కూర్చోగానే చెయ్యి తీసుకున్నాడు. ఇవాళ గ్యాసు లేదు, దిండు లేదు, కార్డులు లేవు. కాస్త ఆలోచించుకుని రాశాడు.

‘చల్లగా ఉంది నీ చెయ్యి.’

మొదటిసారే అర్థమైంది. ఒక్క గీత కూడా తప్పు లేదు.

“అక్షరాలు కలిసిపోయాయండీ. మళ్ళీ రాయండి” అన్నాను.

మళ్ళీ రాశాడు.